అమ్మ ముక్కు కింద తునికాకు

రోజూ పొద్దున్నే అమ్మ మాస్కు కడగడం నా పని. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల సబ్బు వేసి, దాని మెత్తని రబ్బరు అంచును వేలితో రుద్ది, బాల్కనీలో తీగ మీద ఆరేస్తాను. రాత్రంతా అమ్మ ముక్కునూ నోటినీ పట్టుకుని ఉండే మాస్కు అది. దాని గొట్టం మంచం పక్కన స్టూలు మీది చిన్న మిషనుకు తగిలించి ఉంటుంది, ఆ మిషను గాలిని నెడుతూ నిద్రలో అమ్మ గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. తడిసిన ఆ రబ్బరు వాసన తగిలితే నాకు తునికాకు గుర్తొస్తుంది. రెండింటికీ ఏ పోలికా లేదు, ఒకటి ఫ్యాక్టరీ సరుకు, ఇంకొకటి అడవి ఆకు. కానీ రెండూ మా అమ్మ ముక్కు కిందికి చేరినవే. మాస్కును డాక్టరు పెట్టించాడు, ఆకును నేను పెట్టాను. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా సిగ్గుతో తల పైకెత్తబుద్ధి కాదు.

నా చిన్నతనమంతా కోరుట్లలో, ఇంటింటా బీడీలు చుట్టే గల్లీలో గడిచింది. నాన్న దుబాయిలో ఉండేవాడు. ఇంట్లో నేను, అమ్మ, నాయనమ్మ. పక్కిల్లు, పిన్ని వరసలో ఖాలా అని మేం పిలిచే ఫాతిమాది, ఆమె కూతురు నస్రీన్‌దీ నాదీ ఒకే తరగతి. ఖాలా ఇంటి ముందు పొడుగాటి అరుగు ఉండేది. పొద్దెక్కగానే గల్లీలోని ఆడవాళ్లు ఏడెనిమిది మంది ఎవరి చాట వాళ్లు ఒళ్లో పెట్టుకుని దాని మీద చేరేవాళ్లు. ముందురోజు తడిపి గోనెసంచిలో చుట్టిపెట్టిన తునికాకు విప్పగానే వచ్చే పచ్చి వాసన, చాటలో కుప్పగా పోసిన తంబాకు ఘాటు, ఖాలా వంటింట్లో వేగుతున్న ఉల్లిగడ్డ, వానాకాలమైతే బొగ్గుల మీద కాలే మక్కకంకులు, అన్నీ కలిసి సాయంత్రం దాకా ఆ అరుగును వదిలేవి కావు. కళ్లతో చూడాల్సిన పని లేకుండానే చేతులు ఆకు కోసి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టేవి. నోళ్లేమో ఉర్దూలో ఎత్తుకున్న మాటను తెలుగులో ముగిస్తూ ఊరి సంగతులన్నీ తిరగేసేవి. బడి నుంచి రాగానే నేనూ నస్రీనూ బీడీల మూతులు మడవడానికి కూర్చునేవాళ్లం, గచ్చకాయలు ఆడుకోవడానికి ఎప్పుడు తప్పించుకుందామా అని ఒకరినొకరం చూసుకుంటూ.

ఆ అరుగు మీద మా అమ్మ రాజవ్వకు ఒక పేరుండేది, నిద్రమొద్దు అని. చుడుతూ చుడుతూ ఉండగానే తల ముందుకు వాలిపోయేది, వేళ్ల మధ్య బీడీ సగం చుట్టి అలాగే ఉండిపోయేది. కాసేపటికి గురక మొదలయ్యేది. అరుగు మీద ఎవరైనా కొత్తవాళ్లుంటే ఉలిక్కిపడి వీధిలోకి చూసేవాళ్లు, ట్రాక్టరేమైనా వస్తోందేమోనని. అమ్మ పని వెనకబడినప్పుడు ఖాలా తాను కట్టిన కట్టలు రెండు తీసి మాటామంతీ లేకుండా అమ్మ చాటలో వేసేది. మిగతావాళ్లు నవ్వేవాళ్లు. రాత్రి పెందలాడే పడుకుంటుంది, పగలు కూర్చున్నచోటే నిద్రపోతుంది, ఇంకా ఒళ్లు నొప్పులంటుంది, ఏం సుఖమమ్మా అనేవాళ్లు.

అమ్మ ఒకే మాట చెప్పేది, "నాకు నిద్ర సాల్తలేదే."

దానికి అరుగంతా విరగబడి నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

పొద్దున లేచేసరికే అమ్మకు తలనొప్పి. తలకు గుడ్డ బిగించి కట్టుకుని పొయ్యి దగ్గర కూర్చునేది. మెడ, నడుము, మోకాళ్లు, ఇవాళ ఇది నొస్తే రేపు అది నొచ్చేది. "ఎవలో రాత్రంత కట్టెతోని కొట్టినట్టుంటది" అనేది. గల్లీలోని ఆర్‌ఎంపీ డాక్టరు సూదేసి, నొప్పుల గోలీలిచ్చి, కూర్చుని చేసే పని కదా గట్లనే ఉంటది అని పంపించేవాడు. సాయంత్రమైతే అమ్మ చాప మీద బోర్లా పడుకుని నన్ను పిలిచేది, "కొంచెం తొక్కు బిడ్డా" అని. గోడ పట్టుకుని అమ్మ పిక్కల మీద నుంచి నడుము దాకా మెల్లగా అడుగులేస్తే హాయిగా మూలిగేది. నాలుగడుగులేసేసరికి నాకు విసుగొచ్చేది, బయట నస్రీన్ కేకేస్తుంటే మధ్యలోనే దూకి పారిపోయేదాన్ని. ఇంకో నాలుగు అడుగులేస్తే నా కాళ్లేమీ అరిగిపోయేవి కావు.

అమ్మ పుట్టిల్లు సిరిసిల్ల. మరమగ్గాలను అక్కడ సాంచలంటారు. పగలూ రాత్రీ సాంచల చప్పుడులో పెరిగింది కాబట్టి చప్పుడు లేనిదే కోడలికి నిద్ర పట్టదని, ఆ చప్పుడు తానే చేసుకుంటుందని నాయనమ్మ మొదట్లో ఎగతాళి చేసేది. తర్వాత ఒకరోజు గురక మధ్యలో అమ్మ ఊపిరి ఆగిపోవడం, కాసేపటికి నీళ్లలో మునిగి లేచినట్టు గుటకేసి లేవడం కళ్లారా చూసి భయపడింది. "దీనికి గాలి సోకింది, గొంతు పిసుకుతుంది" అని తేల్చేసింది. అలాంటివాళ్లను కొండగట్టుకు తీసుకెళ్లి అంజన్న సన్నిధిలో పదకొండు రోజులు ఉంచడం మా వైపు అలవాటు. అమ్మనూ ఉంచారు. పదకొండు రోజులూ అమ్మ చల్లనీళ్లతో తలస్నానం చేసి, తడి చీరతో ప్రదక్షిణలు చేసి, అలిసిపోయి సత్రంలో పడుకుని గురకపెట్టి, పక్కవాళ్లతో తిట్లు తిని వచ్చింది. నాయనమ్మకు కనిపించినంత మాత్రం కూడా నాకు కనిపించలేదు. నాకు ఆ ఊపిరి ఆగడం ఒక ఆటగా కనిపించింది.

దానికి ఆకు ఆట అని పేరు పెట్టాను. అమ్మ అరుగు చివర గోడకు ఆనుకుని నిద్రపోయినప్పుడు, బీడీకి కోసిన తునికాకు ముక్క ఒకటి తెచ్చి అమ్మ పై పెదవి మీద, సరిగ్గా ముక్కు కింద, మెల్లగా నిలబెట్టేదాన్ని. ఊపిరికి ఆకు రెపరెపలాడేది. ఉన్నట్టుండి ఆగేది. ఆగగానే నేనూ నస్రీనూ గల్లీ పిల్లలూ గుసగుసగా లెక్కపెట్టేవాళ్లం, ఒకటి, రెండు, మూడు. పది దాటితే కళ్లు పెద్దవి చేసుకునేవాళ్లం. ఇరవైకి దగ్గరైతే ఊపిరి బిగబట్టి మరీ లెక్కపెట్టేవాళ్లం. అప్పుడు అమ్మ ఒళ్లంతా ఒక్కసారి కుదిపినట్టయి, పెద్ద గుర్రుతో ఊపిరొచ్చి, ఆకు ఎగిరి అవతల పడేది. అందరం చప్పట్లు కొట్టేవాళ్లం. ఎంత ఎక్కువ లెక్కయితే అంత గొప్ప. ఒకసారి ఇరవై ఏడు దాకా వెళ్లింది, ఆ రోజంతా గల్లీలో నా అంత గొప్పది లేదు.

నేను ఏడో తరగతిలో ఉండగా ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బళ్లు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి, చౌరస్తాలో టెంట్లు వెలిశాయి. ఒక్కోరోజు ఒక్కో కులం వాళ్లు, ఒక్కో పని వాళ్లు మెడలో దండలేసుకుని రిలే నిరాహార దీక్షకు కూర్చునేవాళ్లు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటా వార్పూ చేసేవాళ్లు. మాకు అది సమ్మె కాదు, సెలవు. డప్పు చప్పుడు ఏ వైపు వినిపిస్తే ఆ వైపు పరుగెత్తేవాళ్లం, ఊళ్లో ఉన్న ప్రతి టెంటు కిందా కూర్చుని పాటలు విని గొంతు పోయేదాకా నినాదాలిచ్చి ఇంటికొచ్చేవాళ్లం. బీడీలు చుట్టే ఆడవాళ్ల వంతు రాగానే బీడీ కార్మికుల సంఘం అక్క మా అరుగు దగ్గరికొచ్చి పేర్లు అడిగింది. అందరికంటే ముందు అమ్మే చేయెత్తింది.

"నేను గూర్సుంట అక్కా. పండుకుంటదని నన్నిడిసి పెట్టకుండ్రి" అంది.

అంత పట్టుగా అమ్మ దేన్నీ అడగడం నేను చూడలేదు. పెట్టెలోంచి నాన్న పంపిన ఆకుపచ్చ చీర తీసింది. ముందురోజు సాయంత్రం దాని మడతలు చేత్తో సాపు చేస్తూ కూర్చుంది. నిద్ర రాకుండా ఉండటానికి కొంగుకు రెండు లవంగాలు ముడేసుకుంది. ఏ పనికీ పనికిరానిదన్న మాట ఊరందరి ముందు ఆ ఒక్కరోజు తీసేసుకోవాలని అమ్మ ఆశ. అది నాకు అప్పుడు తెలియలేదని చెప్పలేను, తెలుసు.

మధ్యాహ్నం నేనూ నస్రీనూ చౌరస్తాకు వెళ్లేసరికి టెంటు నిండా జనం. పన్నెండు మంది ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు, అందరి మెడల్లో బంతిపూల దండలు. సంఘం అక్క అమ్మ పక్కనే నిలబడి మైకు పట్టుకుని మాట్లాడుతోంది. ఖాళీ కడుపు, ఎండ, టెంటు నీడ. లవంగాలు ఎంతసేపు ఆపుతాయి? స్తంభానికి కట్టిన లౌడు స్పీకర్లలోంచి గరగరమని ఒక చప్పుడు మొదలైంది. మైకు అబ్బాయి వైర్లు కదిలించాడు. ఆంప్లిఫయరు మీద చరిచాడు. అక్క మాట్లాడటం ఆపింది. ఆమె ఆపినా చప్పుడు ఆగలేదు. అప్పుడు అందరూ ఒకేసారి మా అమ్మ వైపు చూశారు.

నవ్వు టెంటులో మొదలై అవతలి టీకొట్టు దాకా పాకింది. ఎదురుగా ఉపాధ్యాయుల టెంటులో మా సార్లు కూడా మెడలు చాచి చూశారు. అమ్మ గడ్డం దండ మీద ఆనించి, నోరు కొంచెం తెరిచి, కళ్లు మూసుకుని ఉంది. నేను ఆమెకు రెండు చేతుల దూరంలో ఉన్నాను. గురక ఒక్కసారి ఆగింది. అంత నవ్వులోనూ నా నోరు దానంతటదే ఒకటి, రెండు అని లెక్క మొదలుపెట్టింది. ఇంతలో మా బడి పిల్ల ఒకతి నా భుజం మీద చేయి వేసి, అందరికీ వినపడేలా అడిగింది.

"గామె మీ అమ్మనే గదా?"

"కాదు. మా పక్కింటామె" అన్నాను.

నస్రీన్ నా ముఖం వైపు చూసింది. వరసలోనే ఉన్న ఖాలా వంగి అమ్మను కుదిపి లేపింది, అమ్మ కళ్లు తెరిచి చుట్టూ చూసి, కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. సాయంత్రం నిమ్మరసమిచ్చి దీక్ష విరమింపజేశాక, సంఘం అక్క మంచిగానే చెప్పింది, "రేపటి సంది ఇంటికాడనే ఉండు రాజవ్వా, నీకు పానం మంచిగ లేదు" అని. అమ్మ తలూపింది. దారిలో నన్ను ఒకే మాట అడిగింది.

"నువ్వు టెంటుకాడికి ఎప్పుడచ్చినవ్?"

"గిప్పుడే" అని అబద్ధమాడాను.

ఆకుపచ్చ చీర మళ్లీ పెట్టెలోకి వెళ్లింది. దండలోని బంతిపూలను అమ్మ విప్పి, ఆ ఏడు మా ఇంటి బతుకమ్మలో పేర్చింది. సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల ముద్దలు, పల్లీల ముద్దలు, మలీద ఎప్పటిలాగే చేసింది. ఆడవాళ్లంతా రోడ్డు మీదే బతుకమ్మలు పెట్టి ఆడారు. అమ్మ మాత్రం మోకాళ్లు నొస్తున్నాయని అరుగు మీద కూర్చుని చూసింది.

నేను చదువుకుని జగిత్యాలలో బడిపంతులమ్మనయ్యాను. నాన్న దుబాయి నుంచి తిరిగొచ్చాక అందరం ఇక్కడికే మారాం. ఎన్ని మందులేసినా అమ్మకు బీపీ దిగకపోతే ఇక్కడి ఆసుపత్రిలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నొప్పుల గురించి విని, గురక గురించి అడిగి, నిద్రలో ఊపిరిని చూసే పరీక్ష రాశాడు. కాగితం చేతిలో పట్టుకుని ఎంతో నిదానంగా చెప్పాడు. "మీ అమ్మ రాత్రంత పండుకున్నదంటే రాత్రంత నిద్రపోయినట్టు కాదమ్మా. గొంతు మూసుకుపోతది, ఊపిరి ఆగుతది, మెదడు తట్టి లేపుతది. రాత్రంత గిదే. లోతైన నిద్ర లేకుంటే ఒళ్లు తేరుకోదు, ఉన్న నొప్పి రెండింతలు తెలుస్తది. నొప్పితోని మళ్ల నిద్ర చెడుతది." నాకు నిద్ర సాల్తలేదే అని అమ్మ ఇన్నేళ్లూ చెప్పింది అక్షరాలా ఇదే.

తర్వాత ఆయన అడిగాడు, "ఊపిరి ఆగేది ఇంట్ల ఎవలన్న చూసిన్రా? ఎంతసేపు ఆగుతుండె?"

"ఇరవై ఏడు లెక్కపెట్టేదాకా" అన్నాను. అంత కచ్చితంగా ఎలా తెలుసని ఆయన అడగలేదు.

మాస్కు వచ్చి నాలుగు నెలలైంది. నొప్పులు పూర్తిగా పోలేదు, కానీ పొద్దున తలకు గుడ్డ కట్టుకోవడం మానేసింది. ఖాలా అరుగును పగలగొట్టి సెల్‌ఫోన్ల దుకాణం కట్టారు. నస్రీన్ మెట్‌పల్లి కోడలయ్యింది. టెంట్లు వేసిన చౌరస్తాలో ఇప్పుడు ఎవరూ కూర్చోరు. ఇంట్లో బీడీ చుట్టేవాళ్లు లేరు కాబట్టి తునికాకు వాసన కూడా లేదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతుండగా, ఆకు ఆట సంగతి అమ్మకు చెప్పేశాను. తల వంచుకునే చెప్పాను. అమ్మ నవ్వింది.

"నాకెరుకే" అంది.

"ఎరుకనా?"

"మూతి మీద ఆకు పెడితె తెల్వదా బిడ్డా? ఊపిరాడక మెలకువ అస్తుండె. సూస్తె మీరు సప్పట్లు కొడుతుంటిరి. లేస్తె మీ ఆట చెడుతదని గట్లనే కండ్లు మూసుకుని ఉంటుంటి."

చిక్కుడుకాయ నా చేతిలోనే ఉండిపోయింది. టెంటులో కూడా అమ్మ కళ్లు మూసుకునే ఉంది. గురక ఆగింది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను, అప్పుడే ఆ పిల్ల నన్ను అడిగింది, అప్పుడే నేను జవాబు చెప్పాను. రెండు చేతుల దూరం. ఆ మాట విన్నావా అని అడుగుదామని నోరు తెరిచాను. అమ్మ గిన్నె నా వైపు జరిపి, కొంచెంసేపు పడుకుంటానని లేచింది.

ఆరిన మాస్కు తెచ్చి నేనే పెట్టాను. తల వెనక పట్టీ సరిచేస్తుండగా అమ్మ కళ్లు మూసుకుంది. మిషను మెల్లగా గాలి నెడుతోంది. అమ్మ నిద్రపోయిందో, ఊరికే కళ్లు మూసుకుందో నాకు తెలియలేదు.