మంచం పట్టని మలుపు

ఎనభైల మొదట్లో నేను వరంగల్‌లో ప్రభుత్వ భవనాలు కట్టించే ఆఫీసులో జూనియర్ ఇంజినీరును. ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. కళ్లు నెత్తికెక్కడానికి అంతకంటే ఏం కావాలి! తొర్రూరు వైపు ఒక ఊరికి కాన్పుల దవాఖాన మంజూరైంది. దానికి ప్లాను గీసే మనిషిని ఎంచి, కట్టడం ముగిసేదాకా అతనితో పని చేయించుకునే బాధ్యత నాకిచ్చారు. పేరుకు కమిటీ ఉంది గానీ, మార్కుల పట్టిక రాసింది నేనే. పెద్ద ఇంజినీరు కింద సంతకం పెట్టారు, అంతే.

చివరికి ఇద్దరు మిగిలారు. ఒకటి హైదరాబాద్ కంపెనీ. రంగుల బొమ్మ, ఎత్తయిన పోర్టికో, ముందర పూలమొక్కలు. రెండోది కొత్తవాడలో ఇంటి ముందుగదిలో బల్ల వేసుకుని ప్లాన్లు గీసుకునే పెద్దాయన. కాగితాలను పాత జంపఖానా ముక్కలో చుట్టి తెచ్చాడు. విప్పి చూస్తే రంగూ లేదు, హంగూ లేదు. కాన్పుగదికి పోయే దారి మాత్రం వీధంత వెడల్పు.

“ఏం కాకా, దీంట్ల ఎడ్లబండి తోలుతవా?” అన్నాను. పక్కనున్న క్లర్కులు నవ్వారు.

ఆయన నొచ్చుకోలేదు. ఆ ఊరి పాత దవాఖాన గేటు దగ్గర నాలుగు రోజులు కూర్చుని, రోగులను మోసుకొచ్చిన మంచాలన్నీ టేపుతో కొలిచానన్నాడు. “నలుగురు మంచం మోసుకొని మలుపు తిరగాలె సారూ. డాక్టరమ్మ చూసేదాంక మనోళ్లు మనిషిని మంచం మీదికెళ్లి దించరు. దించితే పానం పోతదని భయం.”

“స్ట్రెచర్లుంటయి గదా?”

“ఉంటయి. ఎక్కరు.”

పట్టికలో ఆయన పేరుకు ఎదురుగా ‘స్థలం వృథా’ అని రాశాను. కంపెనీని ఎంచాను.

గోడలు లేస్తుండగా ఒకరోజు ఆయన పిలవకుండానే సైటుకు వచ్చాడు. కాన్పుగది ముందు మలుపు దగ్గర టేపు పరిచి చూశాడు. “ఇక్కడ మంచం తిరగదు సారూ. గోడ జర జరిపియ్యున్రి, ఇంకా మించిపోలె” అని చెప్పి, నా జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు. కంపెనీకి ఉత్తరం రాశాను. స్ట్రెచర్ కొలత ప్రకారం దారి సరిపోతుందని జవాబు వచ్చింది. దాన్ని ఫైల్లో పెట్టి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. నా తప్పును వేరేవాళ్లు సంతకంతో మోశారు కదా, ఇక నాకేం అనుకున్నాను.

దవాఖాన తెరిచిన మరుసటి వానాకాలం, స్లాబు కారుతోందంటే చూడడానికి వెళ్లాను. మధ్యాహ్నం నొప్పులతో ఉన్న పిల్లను మంచం మీద మోసుకొచ్చారు. మొగుడు, ఇంకో ముగ్గురు. పక్కనే అత్త. నర్సు స్ట్రెచర్ తెచ్చింది. “వద్దమ్మా, దించం” అంది అత్త. నర్సు చేసేది లేక పక్కకు తప్పుకుంది. మంచం మలుపు దగ్గర ఇరుక్కుంది. ముందుకు పోదు, వెనక్కు రాదు. నిలువుగా ఎత్తబోతే ఆ పిల్ల అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నేనూ ఒక కోడు పట్టుకుని లాగాను. చివరికి డాక్టరమ్మే బయటికి పరుగెత్తుకొచ్చి, అక్కడే దింపించి, దుప్పటి చెరగులు పట్టించి లోపలికి మోయించింది.

తల్లి బతికింది. పిల్లవాడు ఏడవలేదు.

“ఊళ్లె బయల్దేరుడే ఆలస్యమైంది. మీరేం మనసుల పెట్టుకోకున్రి” అంది డాక్టరమ్మ. నిజమే కావచ్చు. ఆ మాటను పట్టుకుని చాలా ఏళ్లు బతకాలని చూశాను. ఎందుకో అది నన్ను నిలబెట్టలేదు.

సాయంత్రం బయటికి వస్తే అత్త గోడవారన ఖాళీ మంచం పక్కన కూర్చుని ఉంది. ఒళ్లో, మొహం కూడా కనబడకుండా పాతచీరలో చుట్టిన బిడ్డ. నన్ను చూసి ఎవరో ఆఫీసరనుకుని లేవబోయింది. వద్దన్నాను.

“తప్పు మాదే సారూ,” అంది. “మా మంచం పెద్దగున్నది. చిన్న మంచం ఎవలనన్న అడుగకపోతిమి.”

మంచం కాదమ్మా, మలుపు చిన్నది, అది చిన్నదని తెలిసీ కట్టించింది నేనే అని చెప్పాలి. జేబులో టేపు చేతికి తగులుతోంది. స్లాబు కారిన చోటు చూస్తున్నట్టు గోడ వైపు తిరిగాను. కాసేపటికి ఆమె కొడుకు మంచాన్ని తలకెత్తుకున్నాడు. ఆమె తప్పంతా తమదేననుకుంటూ, బిడ్డను పట్టుకుని అతని వెనక నడిచిపోయింది.