జులై మున్షీ కాగజ్‌నగర్ ప్రయాణం

కొలువు పోయిన నాలుగో రోజున, మే నెల మొదటి గురువారం పొద్దున ఆరు గంటలకు, కరీంనగర్‌లో పెద్దపల్లి బస్సెక్కాను. టికెట్టు పన్నెండణాలు. చేతిలో ఒక సంచి. అందులో ఒక జత బట్టలు, అవ్వ కట్టిచ్చిన ఆరు జొన్నరొట్టెలు, ఇంత వెల్లుల్లి కారం. పోలీసు చర్య జరిగి రెండేళ్లు కావస్తోంది. నాకిప్పుడు ఇరవై రెండేళ్లు. నాలాగే పని వెతుక్కుంటూ ఆ దారిన పోయేవారికి పనికొస్తుందేమోనని గంటలతో సహా రాస్తున్నాను.

కొలువు ఎందుకు పోయిందో ముందే చెప్పేస్తాను. దాచి లాభం లేదని ఈ ప్రయాణంలోనే తెలిసింది. కరీంనగర్‌లో ఒక కలప డిపోలో రెండేళ్లు మున్షీగా చేశాను. డిపో నుంచి టేకు దుంగలు పెద్దపల్లి స్టేషనుకు పోవాలంటే ప్రతి బండికీ రవాణా చిట్టీ రాసివ్వాలి. దారిలో తనిఖీ నాకా దగ్గర జవాను ఆ చిట్టీ చూసి, తారీఖు సరిపోతేనే బండిని వదులుతాడు. నిజాం కాలమంతా మేం ఫసలీ నెలలు రాసినవాళ్లం. బడిలో నేర్చుకున్నవీ అవే, ఆజూర్, దై, బహ్మన్ అనుకుంటూ. సర్కారు మారాక ఇంగ్లీషు నెలలు రాయమన్నారు. నేనూ రాస్తూనే ఉన్నాను. ఏప్రిల్‌లో ఒకనాడు ఏడు బండ్లు వరసగా నిలబడ్డాయి. బండ్లవాళ్లు ఒకటే తొందర. ఏప్రిల్ అంటే మా పాత లెక్కలో ఖుర్దాద్, ఏడో నెల. నెల ఉండవలసిన చోట చెయ్యి దానంతటదే ఏడు వేసేసింది. కొత్త లెక్కలో ఏడో నెలంటే జులై.

నాకా జవాను చిట్టీలు తిప్పి చూసి, "ఇవి జులైల చెల్లుతయి. గప్పటిదాంక గీడనే వండుకొని తినుండ్రి" అన్నాడట. ఏడు బండ్లు, పద్నాలుగు ఎడ్లు నాలుగు రోజులు ఎండలో పడి ఉన్నాయి. అయిదో రోజు మా డిపో సేఠ్ జరిమానా కట్టి విడిపించుకొచ్చి నన్ను పిలిచాడు. "ఇగ రేపటి సంది రాకు" అన్నాడు. నేనేదో చెప్పబోయాను. "జులైల రా, గప్పుడు మాట్లాడుదం" అన్నాడు.

మాది నేతపని చేసుకునే ఇల్లు. ఉన్నది ఒక్క మగ్గం. నూలు సరిగా దొరకని కాలం. ఆ మగ్గం మీద బాపు, అన్న వంతులు వేసుకొని కూర్చుంటారు. బాపు నన్ను తిట్టలేదు. "ముగ్గురికి పని లేదు రాజేశం. ఏడనన్న చూసుకో బిడ్డా" అన్నాడు. తిట్టినా బాగుండేది. రైలు దారి పొడుగునా ఉన్న డిపోలన్నీ తిరుగుతాను, కొలువు దొరికాకే గడప తొక్కుతాను అని అవ్వ ముందు ఒట్టు పెట్టబోయాను. "ఒట్లు పెట్టకు, రొట్టెలు ఆరే ఉన్నయి" అంది అవ్వ.

బస్సు ఏడూ ముప్పావుకు పెద్దపల్లి చేరింది. తొమ్మిదికి రావలసిన ప్యాసింజరు పదీ ఇరవైకి వచ్చింది. వేసవిలో పోయేవారు స్టేషను బయట వేపచెట్టు కింద అమ్మే మజ్జిగ తాగండి. లోపలి కుళాయి నీళ్లు మాత్రం తాగకండి, కాలిపోతాయి. రామగుండం దాటాక గోదావరి వంతెన వచ్చింది. ఎండలకు నది ఇసుక మధ్యన రెండు పాయలుగా మిగిలింది. రైలు పెట్టెలోని ఆడవాళ్లు లేచి దండం పెట్టారు. నేనూ పెట్టాను. అడిగింది ఒక్కటే, దుంగలు లెక్కపెట్టే పని.

మంచిర్యాలలో దిగేసరికి పన్నెండు. స్టేషను బయటే మూడు కలప డిపోలున్నాయి. మొదటి డిపోలో యజమాని మంచం మీద కూర్చుని పాన్ నములుతున్నాడు. ఎందుకు మానేశావని అడిగితే, "సేఠుతోని పడలే" అన్నాను. ఏ డిపో అని అడిగాడు. చెప్పాను. ఆయన పాన్ ఉమ్మేసి, వెనక్కి తిరిగి గట్టిగా కేకేశాడు.

"నర్సయ్యా! జులై మున్షీ వచ్చిండు, జల్ది రాండ్రి!"

నలుగురు హమాలీలు చేతిలో పని వదిలేసి నన్ను చూడటానికి వచ్చారు. ఒకడు తల అటూ ఇటూ తిప్పి మరీ చూశాడు. నా కథ నాకంటే ముందే మంచిర్యాల చేరింది. బండ్లవాళ్లు పెద్దపల్లి గూడ్సు షెడ్డులో చెప్పుకున్నారు, అక్కడ రైలెక్కి వచ్చేసింది, అదీ టికెట్టు లేకుండా. నాకు తల కొట్టేసినట్టయింది. దాంతో పాటే కోపమూ వచ్చింది.

"ఔ, నేనే. తప్పు రాసిన. మీ మున్షీ ఎన్నడు తప్పు రాయలేదా?" అన్నాను.

"ఎందుకు రాయడు, రాసిండు. గని నువ్వు పడలే అని కత చెప్పవడితివి. నా పైసలు నీ చేతుల పెట్టాల్నాయె. పో, పోయిరా" అన్నాడు. అన్న తీరులో కోపం లేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

మిగతా రెండు డిపోల్లో ఆ మాట కూడా అనలేదు, నవ్వి ఊరుకున్నారు. ఆ రాత్రికి స్టేషను ముసాఫిర్‌ఖానాలో పడుకున్నాను. పైసా ఖర్చు లేదు, దోమలు మాత్రం ఉన్నాయి. పడుకునే ముందు ఒకటి గట్టిగా అనుకున్నాను. ఇక ఎక్కడికి పోయినా ఎవరూ అడగకముందే నా తప్పు నేనే చెప్పేస్తాను. అది విన్నాక పనిస్తే ఇస్తారు, లేకుంటే మానె.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటి బండి పట్టుకున్నాను. బెల్లంపల్లిలో బొగ్గుగని మనుషులు దిగిపోయాక కూర్చోవడానికి చోటు దొరికింది. ఆసిఫాబాద్ రోడ్డులో ఒక పెద్దమ్మ సారపండ్ల గంప నెత్తిన పెట్టుకొని ఎక్కి, నా ఎదురుగా కూర్చుంది. నన్ను కాసేపు పరకాయించి చూసి, మరాఠీ కలిసిన యాసలో అడిగింది.

"కా బాబూ, గట్ల మూతి ముడుసుకున్నవు? ఇంట్ల లొల్లి అయిందా?"

"నౌకరి పోయింది, బాయీ."

"గింతేనా! నేను ఎవలన్న సచ్చిండ్రేమో అనుకున్న. ఇగ తిను" అని దోసెడు పండ్లు నా ఒళ్లో పోసింది. ఏం పని చేసేవాడివని అడిగింది. చెప్పాను. "కాగజ్‌నగర్ల మిల్లు గోడ అవుతల ఒక కట్టెల డిపో ఉన్నది. అంగడికి పోంగ నేను గాడనే నీళ్లు తాగుత. గాడ మున్షీ ముసలోడు అయిండు. కొత్త మనిషి కోసం చూస్తుండ్రట. పో, అడుగు. అడిగితే కొడుతరా?"

ఆ పండ్లకు డబ్బులిస్తానంటే కసిరింది. పదకొండున్నరకు ఇద్దరం కాగజ్‌నగర్‌లో దిగాం. కాగితం మిల్లు వల్ల ఊరంతా ఉడికిన వెదురు వాసన. కొత్తవాళ్లకు కడుపులో తిప్పుతుంది, ఒక గంట ఓర్చుకుంటే అలవాటైపోతుంది. స్టేషను నుంచి డిపోకు నడిచి ఇరవై నిమిషాలు.

డిపో సేఠ్ సన్నగా, చిరాగ్గా ఉన్నాడు. పక్కన రాత బల్ల ముందు కుర్చీలో మున్షీ సాబు కూర్చున్నాడు. పేరు ఖాదర్ మియా. తెల్లగడ్డం, ఒక కాడ ఊడితే దారం కట్టుకున్న కళ్లద్దాలు. నేను నిలబడే చెప్పేశాను.

"సేఠ్, నాది కరీంనగర్. పేరు రాజేశం. మున్షీ పని ఎరుకే. మొన్న ఏప్రిల్‌కు జులై రాసి కొలువు పోగొట్టుకున్న. బండ్లు నాలుగు దినాలు నాకల పడ్డయి. తప్పు నాదే. ఇగ రాయ."

సేఠ్ నవ్వలేదు. మున్షీ సాబు వంక చూశాడు. ఆయన తల దించుకున్నాడు.

"గీ బీమారి మా దగ్గర గూడ ఉన్నది" అన్నాడు సేఠ్. "సరే, ఒక చిట్టీ రాయి. మున్షీ సాబు చూస్తడు. ఆయన సహీ అంటే ఉంటవు, గలత్ అంటే పోతవు."

మున్షీ సాబు లేచి నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన నిలబడి చెప్పసాగాడు. ఒక బండి, తొమ్మిది టేకు దుంగలు, ఒక్కోదాని చుట్టుకొలత, పొడవు. అన్నీ రాశాను. తారీఖు దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. మే అంటే అయిదో నెల అని లోపల మూడుసార్లు అనుకొని, అప్పుడు అయిదు వేశాను.

ఆయన కాగితం తీసుకొని వెలుగులోకి పోయాడు. చదివాడు. మళ్లీ చదివాడు. నాకా దగ్గర ఆగిన ఆ ఏడు బండ్లకంటే ఎక్కువసేపు నేను ఆగినట్టనిపించింది. ఆఖరికి వచ్చి కాగితం సేఠ్ ముందు పెట్టాడు.

"సహీ హై" అన్నాడు.

"సోమవారం రా. పొద్దున ఎనిమిదికి. ఒక వారం మున్షీ సాబు నీకు అన్ని చూపిస్తడు, తర్వాత నువ్వే" అని సేఠ్ లోపలికి పోయాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. బయట నీళ్ల తొట్టి దగ్గర ముఖం కడుక్కుంటుంటే పోశం అనే హమాలీ పక్కకొచ్చాడు.

"దొరికిందా తమ్మీ?"

"దొరికిందే!"

"మంచిగైంది. పాపం ముసలాయన. సరైన మనిషి దొరికేదాంక ఉండుమన్నడు సేఠ్. రెండు నెలల సంది ముగ్గురొచ్చిండ్రు. ముగ్గుర్ని గలత్ అని పంపిండు. నిన్ను గూడ గట్లనే అంటే ఇంకో నెల కూసునేటోడు."

నా చేతుల్లో నీళ్లు చేతుల్లోనే ఉండిపోయాయి. ఎవరి పని నేను అడుగుతున్నానో అప్పటిదాకా నాకు తట్టనే లేదు. కొత్త మనిషి కావాలంటే పాత మనిషికి తోడుగా అనుకున్నాను, సేఠ్ 'తర్వాత నువ్వే' అన్నప్పుడు కూడా సంబరంలో ఆలోచించలేదు. తిరిగి లోపలికి పోయాను. మున్షీ సాబు బల్ల తుడుస్తున్నాడు.

"మున్షీ సాబ్, నాకొద్దు ఈ కొలువు. మీరే ఉండుండ్రి. సేఠుకు నేను చెప్త."

ఆయనకు కోపం వచ్చింది. అంత మెత్తని మనిషికి కోపం రావడం చూసి భయపడ్డాను. "పాగల్ పోరగా! నువ్వు వద్దంటే నన్ను ఉంచుతడా? నా తప్పులు ఏడాది సంది దిద్దుకుంటనే ఉన్న. ఖుర్దాద్ పోతలేదు చేతిలకెళ్లి. నువ్వు పోతే ఇంకొకడు వస్తడు. వాడు నన్ను ఒక్క పూట గూడ నిలవనియ్యడు."

"మరి ఆ ముగ్గురిని ఎందుకు పంపిండ్రు?"

ఆయన గుడ్డ మడిచి పెట్టాడు. "ఇద్దరు నిజంగనే తప్పు రాసిండ్రు. ఒకడు మంచిగనే రాసిండు. వాన్ని గలత్ అన్న. గా దినం సంది అన్నం సైస్తలేదు బేటా. నువ్వు వచ్చుడు వచ్చుడే నీ తప్పు నువ్వు చెప్పినవు. ఇగ నేను ఎట్ల అబద్ధమాడుదు?"

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన పాదాలు ముట్టబోతే వెనక్కి జరిగాడు. "సోమవారం కలం కొత్తది తెచ్చుకో. ఇది నాది, నేను తీసుకపోత" అన్నాడు.

నాలుగింటికి దక్షిణం వైపు ప్యాసింజరు ఉంది. రొట్టెలు అయిపోయాయి, స్టేషనులో అటుకులు కొనుక్కున్నాను. పెద్దపల్లి చేరేసరికి బస్సులు లేవు, ప్లాట్‌ఫారం మీదే నిద్రపోయి శనివారం ఉదయం మొదటి బస్సు ఎక్కాను. పక్కన కూర్చున్న పెద్దమనిషి మానకొండూరు రైతు. ఎటు పోయొస్తున్నావని అడిగితే చెప్పాను.

"కొలువు దొరికిందంటవు, ముఖం జూస్తే కొలువు పోయినోని తీరుగున్నవు" అన్నాడు.

"దొరికిందే, తాతా. ఇచ్చినాయనది ఊడింది."

ఆయనకు అర్థం కాలేదు. నేను విప్పి చెప్పలేదు, చెబితే ఏడుపు వచ్చేలా ఉంది. మంచిర్యాల దారిలో నవ్వేవాళ్లున్నారు, కసురుతూనే కడుపు నింపేవాళ్లున్నారు, కాగజ్‌నగర్‌లో ఒక ముసలాయన ఉన్నాడు. ఈ మూడు రోజుల్లో నేను చూసిన దేశం ఇంతే. ఈ సాయంత్రం బాపుకు సంగతంతా చెప్పాలి. రేపు మధ్యాహ్నం మళ్లీ బయల్దేరాలి. సేఠ్ ఎనిమిదికి రమ్మన్నాడు, నేను ఏడింటికే పోతాను. నేను పోయేసరికి మున్షీ సాబు నాకోసం కుర్చీ ఖాళీ చేసి నిలబడి ఉండకూడదు. ఆయన వచ్చేలోగా బల్ల తుడిచి, కుర్చీ సరిచేసి, ఆ వారమంతా ఆయన్నే అందులో కూర్చోబెట్టి, నేను పక్కన నిలబడి రాస్తాను.