ఆమె గొంతు విననివాళ్లు కావాలి

అమీర్‌పేటలో బస్సెక్కితే పంజాగుట్ట చేరేలోపు ఒక కునుకు తీయొచ్చు, ట్రాఫిక్ అలాంటిది. ఆ మధ్యాహ్నం పక్క సీట్లో పెద్దాయన నన్ను కునుకు తీయనివ్వలేదు. మోగకుండా గుడ్డ చుట్టిన చిన్న ఇత్తడి గంటను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"దయ్యాలను సాగనంపుడు మా ఇంటి పని సార్," అన్నాడు. "మా ఆమె పోయింది. ఇంట్లనే తిరుగుతున్నది. నేను పంపలేను."

"ఎందుకని?"

"ఆమె గొంతు విన్నోళ్లు పొమ్మన్నా, ఆమెకు రమ్మన్నట్టే వినపడ్తది. మావోళ్లంతా విన్నోళ్లే. ఎన్నడూ విననోళ్లు, ఏడున్నా సరే, ఈ గంట కొట్టి, 'నర్సమ్మా, ఇగ పో' అనాలె. ఎవలనడిగినా పిచ్చోని లెక్క చూస్తున్రు. మీరు జర అంటరా?"

ఇలాంటివి నేను నమ్మను. కానీ ఆయన గంటను రెండు చేతులతో నా ముందుకు చాపాడు. గంట తీసుకుని గుడ్డ విప్పాను.

అంతలో ఆయన జేబులో ఫోన్ మోగింది. రింగ్‌టోన్‌గా ఒక ఆడమనిషి గొంతు: "ఏమయ్యో, ఫోన్ ఎత్తు! ఏడున్నవ్?" గొంతులో సగం కోపం, సగం నవ్వు. నాకిప్పటికీ గుర్తే.

ఆయన కంగారుగా జేబు తడుముకుని ఆపేశాడు.

"ఆమేనా?" అన్నాను.

తలూపాడు. "మీరు సుత విన్నరు," అని నా చేతిలోని గంట తీసుకుని మళ్లీ గుడ్డ చుట్టాడు.

"ఆ రింగ్‌టోన్ తీసేయండి. ఇంకెవరినైనా అడుగుదాం."

ఆయన ఫోన్‌ను జేబులో ఇంకా లోపలికి తోసుకున్నాడు.

పంజాగుట్టలో దిగాడు. బస్సు కదలకముందే ఫోన్ మళ్లీ మోగింది. స్టాపులో నిలబడి, ఎత్తకుండానే దాన్ని చెవికి ఆనించుకున్నాడు.