మణికట్టు మీది ఎర్రనూలు

మా ముగ్గురు స్నేహితుల నడుమ రెండేళ్ళుగా ఒక జోకు నడుస్తున్నది. దాన్ని పుట్టించింది నేను. అందులో నిజం లేదని మొన్నటిదాకా తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఒకడు నేను, రెండోవాడు ఆ జోకు ఎవరి మీదో వాడు. వాడు ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసింది నేను కాబట్టి ఇది రాస్తున్నాను.

కోయంబత్తూరులో టెక్స్‌టైల్ డిప్లొమా చదివేటప్పుడు మేము ముగ్గురం ఒకే గదిలో ఉండినాం. ముగ్గురి ఇళ్ళలోనూ తెలుగే. పక్క గదులవాళ్ళకు అర్థం కాకుండా తిట్టుకొనేదానికి అది బాగా పనికొచ్చింది. పేర్లు పెట్టి పిలుచుకున్న గుర్తు నాకు లేదు, ఎవరి ఊరి పేరే వాడి పిలుపు. ఒకడు తిరుప్పూరు, ఒకడు కోవిల్పట్టి, నేను రాజపాళయం. యాభై దాటినా అవే పిలుపులు. తిరుప్పూరు నూలు వ్యాపారం చేస్తాడు, వాడు గుసగుసగా మాట్లాడినా పక్క వీధికి వినిపిస్తుంది. కోవిల్పట్టి ఒక మిల్లులో నూలు నాణ్యం చూసే పనిలో ఉన్నాడు, నెమ్మదస్తుడు. నేను మా ఊళ్ళోనే ఆస్పత్రులకు కట్టుగుడ్డ నేసే చిన్న షెడ్డు నడుపుతున్నాను.

రెండేళ్ళ కిందట జూన్ నెలలో, ఒక ఆదివారం పొద్దున, మా ఊళ్ళో సరదా పరుగు పెట్టినారు. సేత్తూరు పోయే రోడ్డులో ఒక మామిడి తోపు దాకా పోయి తిరిగి రావాలి. పోను మూడు కిలోమీటర్లు, రాను మూడు. పెద్ద ఊళ్ళ పరుగుల్లో మాదిరి ఒంటికి తగిలించే చిప్పులూ గిప్పులూ లేవు. మాది నూలు ఊరు గనక సాక్ష్యం కూడా నూలే. తోపు కాడ మిల్లు పని మానుకున్న పెద్దావిడలు నలుగురు కుర్చీలు వేసుకొని కూర్చుంటారు. అంతదాకా పోయినవాళ్ళ కుడి చేతికి ఎర్రనూలు రెండు చుట్లు చుట్టి ముడి వేస్తారు. మగ్గం మీద తెగిన పోగును అతికే ముడి అది. ముప్పై ఏళ్ళు అదే పని చేసిన వేళ్ళు. ఆ ముడి విప్పితే రాదు, కత్తిరించాల్సిందే. చేతికి ఆ నూలు ఉంటేనే, తిరిగి వచ్చి పరుగు ముగిసే గీత దాటినాక మెడలో పతకం వేస్తారు.

నేనే ఫోన్లు చేసి ఇద్దరినీ పిలిచినాను. శనివారం మధ్యాహ్నానికి దిగినారు. మా ఇంట్లో మాంసం పులుసు, ఆ పైన మా వైపు పండే సప్పట్టై మామిడి పండ్లు. సాయంత్రం కొండగాలి మోసుకొచ్చే సారల్ చినుకులు పడుతుండగా కొండ వైపు కాసేపు తిరిగి, బస్టాండు పక్క పరోటా కొట్టుకు పోయినాం. మేమిద్దరం పరోటా, అందులోకి సాల్నా పులుసు చెప్పినాం, కోవిల్పట్టి ఇడ్లీ చెప్పినాడు. అంతకు ముందటి ఏడాది వాడి గుండెకు స్టెంటు వేసి ఉండినారు.

"ఏమిరా, సాల్నా వాసన చూసేదానికైనా డాక్టరు ఒప్పుకొన్నాడా?" అన్నాడు తిరుప్పూరు.

"వాసనకు ఒప్పుకొన్నాడు. నీ పక్కన కూర్చొనేదానికే ఒప్పుకోలేదు."

నవ్వులయినాక వాడే చెప్పినాడు. ఎనిమిది నెలలుగా రోజూ పొద్దున నడుస్తున్నాడంట, ఈమధ్య మెల్లగా పరిగెత్తుతున్నాడంట. "మా ఇంటామె రాత్రి రెండుసార్లు లేచి నా ముక్కు కాడ చెయ్యి పెట్టి చూస్తుంది రా. ఊపిరి ఉందా లేదా అని. రేపు ఆ ఎర్రనూలు చేతికి కట్టించుకొని పోయి చూపిస్తాను. దాన్ని చూస్తేనన్నా నిమ్మళంగా నిద్రపోతుంది."

"నా వెనకే రా మాప్ళె," అన్నాను నేను. "మా ఊరి రోడ్డు. కండ్లు మూసుకొని పరిగెత్తుతాను." అప్పటికి నేను ఒక్కరోజు కూడా పరిగెత్తి ఉండలేదు. ఇంటి నుంచి షెడ్డుకు కూడా బండి మీదే పోతాను.

మరునాడు రెండు కిలోమీటర్లు దాటినాక నా ఊపిరి అయిపోయింది. తిరుప్పూరు అప్పటికే ముందుకు పోయినాడు. కోవిల్పట్టి కూడా ఒకే తీరు అడుగులు వేసుకుంటూ నన్ను దాటిపోయినాడు. రోడ్డు పక్కన టీ కొట్టు. ఒక్క నిమిషం అనుకొని బెంచీ మీద కూర్చున్నాను. టీ చెప్పినాను. వడలు అప్పుడే నూనెలోంచి తీస్తున్నారు, రెండు తీసుకొన్నాను. మామిడి తోపు అక్కడికి అర కిలోమీటరు. లేచి నడిచినా పది నిమిషాల్లో పోయి ఉండవచ్చు. లేవలేదు. చేతులకు ఎర్రనూళ్ళతో జనం తిరిగి వస్తున్నారు, అందులో నన్ను ఎరిగినవాళ్ళు ఉన్నారు. తిరుప్పూరు వస్తుంటే చూసి, వాడు దాటిపోయేదాకా కొట్టు లోపలికి తిరిగి కూర్చున్నాను.

కోవిల్పట్టి వచ్చినాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకొని ఉండింది. నన్ను చూసి కుడి చెయ్యి పైకెత్తినాడు. "చూసినావా! ఆ పెద్దావిడ ఎంత ముద్దుగా కట్టిందో!" తరువాత నా చేతిలోని వడ చూసినాడు. "సరే లేయ్ రా. నీతో మళ్ళీ తోపు దాకా వస్తాను. అర కిలోమీటరే కదా."

గుండెకు స్టెంటు ఉన్నవాడు నాకోసం ఇంకో కిలోమీటరు పరిగెత్తుతానంటున్నాడు. నేను ఆ మాట విననట్టు, "గీత కాడ మా మామ నిలబడి ఉంటాడు," అన్నాను. మా అమ్మ తమ్ముడు ఆయన. పరుగు పెట్టించిన పెద్దల్లో ఒకరు. "ఊరంతా ఉంటుంది. ఆ నూలు నాకు ఇస్తావా?"

ఇక్కడ ఒక మాట దిద్దుకోవాలి. చాలా రోజులు నాకు నేను చెప్పుకొన్న కథలో వాడే జాలిపడి ఇచ్చినాడు. అది నిజం కాదు. నేను అడిగినాను.

వాడు కొంచెంసేపు చేతి వైపు చూసుకొన్నాడు. ఆస్పత్రి తరువాత వాడి చేతులు సన్నబడినాయి. ముడి విప్పకుండానే నూలు జారి వచ్చింది. "పతకం వేసినాక నాకు ఇచ్చెయ్యి. ఇంట్లో చూపించాల. నేను పోయి వచ్చినానని నువ్వు తిరుప్పూరుకు చెప్పు, చాలు. లేకుంటే వాడు నన్ను బతకనియ్యడు."

"చెప్పనా మరి!" అన్నాను.

నా చెయ్యి లావు. వేళ్ళు కూడగట్టి, వాడు ఒక పక్క నేను ఒక పక్క లాగి ఎక్కించినాం. మణికట్టు కాడ అది మాంసంలోకి దిగింది. వాడు మెల్లగా వస్తానన్నాడు, నేను ముందు పోయినాను.

మా మామ నా మెడలో పతకం వేసి, చెయ్యి పట్టుకొని చూసి, "ఇంత బిగిచ్చి కట్టినారేంరా? రక్తం ఆగిపోయేట్టుందే," అన్నారు. ఫోటో తీయించినారు. అంతలో కోవిల్పట్టి గీత దాటినాడు. పతకాలు పట్టుకున్న అమ్మాయి, "నూలు ఏది సార్?" అని అడిగింది. వాడు ఒట్టి చెయ్యి చూపించి నా వైపు చూసినాడు. మా మామ నా పక్కనే ఉన్నారు.

"ఏమిరా కోవిల్పట్టి, సగం దారిలోనే తిరుక్కున్నావా?" అని అరిచినాడు తిరుప్పూరు.

వాడు ఇంకా నన్నే చూస్తున్నాడు. నేను నోరు తెరిచినాను. "టీ కొట్టు కాడ చూసినాను రా వీణ్ణి. టీ, రెండు వడలు. అప్పుడే నూనెలోంచి తీసినవి."

అందరూ నవ్వినారు. నేను చేసిందంతా వాడి మీద పెట్టి చెప్పినాను గనక ఆ జోకుకు అంత ఒడుపు వచ్చింది. కొట్టు ఎక్కడ, బెంచీ ఎట్లుండింది, వడ ఎంత వేడి, అన్నీ నాకు తెలుసు. పరుగయినాక పెట్టిన పొంగలి తినేటప్పుడు ఒకసారి, మధ్యాహ్నం బిర్యానీ కాడ ఇంకోసారి చెప్పినాను. చెప్పిన ప్రతిసారీ కొంచెం కలిపినాను. పొంగలి కాడ తిరుప్పూరు తన ఆకులోని వడ తీసి వాడి ఆకులో పెట్టి, "తిను రా, పరిగెత్తి అలిసిపోయినావు," అన్నాడు. వాడు ఒకసారి నవ్వి, తల వంచుకొని పొంగలి తిన్నాడు.

బస్టాండులో దింపినప్పుడు వాడు నా మణికట్టు చూసినాడు. నూలు లాగితే రాలేదు. "కత్తిరిస్తే ఇంకేముంది, రెండు పోగులే కదా," అన్నాను.

"చెప్తావనుకొన్నాను," అన్నాడు.

"జోకు కదరా!"

"సరి," అని బస్సెక్కినాడు.

ఇంతవరకూ నన్ను నేను క్షమించుకోగలిగేవాణ్ణేమో. ఆరు నెలలకు తిరుప్పూరు ఇంట్లో పెళ్ళి. అక్కడ కోవిల్పట్టి భార్య నన్ను పక్కకు పిలిచింది. "అన్నా, ఆయన ఆ రోజు వడలు తిన్నది నిజమేనా? మీరు కండ్లతో చూసినారంట. పొద్దున నడిచేదానికని చెప్పి టీ కొట్టుకు పోతున్నాడేమోనని నాకు భయంగా ఉంది." ఆమె కండ్ల కింద నలుపు తిరిగి ఉండింది. నిజం చెప్పేదానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది? నేను, "ఒకటో రెండో తినుంటాడమ్మా, వదిలెయ్," అన్నాను.

మరునాటి నుంచి ఆమె కూడా వాడి వెనకాల నడవడం మొదలుపెట్టిందని తరువాత తెలిసింది. తోడుకు కాదు, కాపలాకు.

ఈ ఏడాది పరుగుకు పిలిస్తే వాడు మోకాలు నొప్పి అన్నాడు. వాట్సాప్‌లో తిరుప్పూరు ఒక వడ బొమ్మ పెట్టినాడు. నాకు నవ్వు రాలేదు. వచ్చిన ఆదివారమే పతకం సంచిలో పెట్టుకొని కోవిల్పట్టి పోయే బస్సెక్కినాను.

భార్యాభర్తలు ఇద్దరూ హాల్లో ఉండగా, కూర్చోకముందే చెప్పేసినాను. టీ కొట్టు, నూలు, నేను అడగడం, గీత కాడ అన్న మాట, పెళ్ళిలో ఆమెతో అన్న మాట. ఆమె లేచి నిలబడింది. ఆ తరువాత, "ఏడాదికి పైగా ఆయన వెనకాల నడిచినాను అన్నా. ఒక్కరోజు కూడా నమ్మి నడవలేదు," అని లోపలికి పోయింది.

వాడు నాకు కుర్చీ చూపించినాడు. "ఆమెకూ మంచిదయింది లే. మూడు కిలోలు తగ్గింది."

పతకం తీసి ఇచ్చినాను. వాడు తీసుకోలేదు. "ఇది నాకెందుకు రా. ఆ నూలు ఉందా?"

లేదు. బస్టాండు నుంచి ఇంటికి వచ్చినాక వారం రోజులు అది నా చేతికే ఉండింది. ఊళ్ళో నలుగురూ చూడాలని నేనే ఉంచుకున్నాను. తరువాత చెయ్యి దురద పెడితే షెడ్డులో కత్తెరతో కత్తిరించి, పనికిరాని నూలుతో కలిపి చెత్తలో వేసినాను. అది కూడా చెప్పినాను.

వాడు ఎడమ చేత్తో కుడి మణికట్టు ఒకసారి తడుముకొన్నాడు. "తిరుప్పూరుకు చెప్పినావా?"

"ఇంకా లేదు."

"ముందు అది చెయ్యి."

ఆమె కాఫీ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. నా వైపు చూడలేదు. మళ్ళీ రమ్మని ఇద్దరూ అనలేదు.

తిరుప్పూరూ, ఇది నీకూ, ఆ రోజు మా ఊళ్ళో గీత కాడ నిలబడి నవ్విన ప్రతి ఒక్కరికీ. కోవిల్పట్టి మామిడి తోపు దాకా మూడు కిలోమీటర్లు పోయినాడు, మూడు కిలోమీటర్లు తిరిగి వచ్చినాడు. వాడి చేతికి ఎర్రనూలు కట్టినారు. వడలు తిన్నది నేను.