అయిదు అచ్చులున్న మాట

2004లో నేను మల్దకల్ దగ్గర ఒక ఊరి బడిలో ఇంగ్లిష్ సార్‌ని. ఆగస్టు వచ్చిందంటే క్లాసులు సగం ఖాళీ. విత్తనాల కోసం వేసే సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ మొదలయ్యేది. అంటే మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు చేత్తో అద్దడం. దానికి చిన్న వేళ్లే కావాలని ఆడపిల్లల్ని పిలుచుకుపోయేవారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మిగిలిన పిల్లల్ని కూర్చోబెట్టడానికి నా దగ్గర ఒక చిట్కా ఉండేది. ఇంగ్లిష్‌లో వవెల్స్, అంటే అచ్చులు, అయిదు: ఎ, ఇ, ఐ, ఓ, యు. ఆ అయిదూ ఉన్న మాట 'ఎడ్యుకేషన్'. అలాంటిది ఇంకొకటి తెస్తే పెన్ను ఇస్తానని ఊరించేవాణ్ని. ఎవరూ తేలేరని నా ధీమా.

ఆరో తరగతి రజియా తెచ్చింది. పొద్దున క్రాసింగ్‌కు పోయి మధ్యాహ్నం బడికి వచ్చే పిల్ల. పుప్పొడి అంటి వేళ్లు పచ్చగా ఉన్నాయి. అరచేతిలో రాసుకున్న అక్షరాలు చూస్తూ బోర్డు మీద ఒక్కొక్కటే దించింది. పి, ఆర్, ఇ, సి, ఎ, యు, టి, ఐ, ఓ, ఎన్. ప్రికాషన్. లెక్కపెట్టి చూస్తే అయిదు అచ్చులూ ఉన్నాయి. ఎక్కడ దొరికిందని అడిగాను.

"చేన్ల నీళ్ల డబ్బా మీద ఉంది సార్. తాగినప్పుడల్లా చూస్త."

పిల్లలతో చప్పట్లు కొట్టించి జేబులోని పెన్ను తీసి ఇచ్చాను. అర్థమేమిటని ఆ పిల్ల అడగలేదు, నేను చెప్పలేదు. నీళ్ల డబ్బా మీద అలాంటి మాట ఎందుకుంటుందన్న ఆలోచనే నాకు రాలేదు.

అది పురుగుమందు డబ్బా. మందు అయిపోయాక కడిగి, తాగే నీళ్లు పట్టడం అక్కడ మామూలు. పెన్ను ఇచ్చిన నాలుగో రోజు ఆ డబ్బా పగిలింది. అప్పుడే మందు కొట్టి ఖాళీ చేసిన ఇంకోదాన్ని ఒక్కసారి కడిగి నింపారు. ముందుగా తాగింది రజియా. గద్వాల దవాఖానకు తీసుకుపోతే కర్నూలుకు పంపారు. దారిలో ఎర్రవల్లి చౌరస్తా దగ్గరే ప్రాణం పోయింది.

రజియా చనిపోయిన మూడో రోజు వాళ్లింటికి పోయాను. తల్లి చాంద్‌బీ కూడా అదే చేలో కూలి. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"పెన్ను ఇచ్చినరని శానా ఖుషీ అయింది సార్. పొద్దందాక గా అక్షరాలే సదువుతుండె. జర చెప్పుండ్రి, ఏమని రాసుండె డబ్బా మీద?"

అబద్ధం చెబుదామనిపించింది. నోరు రాలేదు.

"జాగ్రత్త అని రాసుందమ్మా."

"గది మీకు గప్పుడే తెల్సా సార్?"

తెలుసన్నాను. అంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు.

ఆ తర్వాత ఎన్ని బళ్లు మారినా నా క్లాసులో ముందు అర్థం, ఆ తర్వాతే స్పెల్లింగ్. ఏ పిల్ల కొత్త మాట తెచ్చినా ఎక్కడ చూశావని అడుగుతాను. సాయంత్రం అక్కడికి పోయి నేనూ చూసి వస్తాను.