ఒక కన్ను మూసే ఫోర్‌మన్

పటాన్‌చెరు షెడ్డులో మేం ఫైబర్ మోటారు పడవలు తయారుచేసేవాళ్లం. తలుపైనా, బోల్టైనా, మనిషైనా ఒక కన్ను మూసి చూసి "సీదా లేదు" అనడం మా ఫోర్‌మన్‌ అలవాటు. ఆ మూసిన కన్ను తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు కంపరమెత్తుతుంది.

దసరా ఆయుధపూజకు ఒక పడవ ఇంజన్ దించి, కడిగి, రంగు వేశాం. ప్రొపెల్లర్ పైన అరచేతంత రెక్క ఒకటుంటుంది. పడవ పక్కకి లాగకుండా దాన్ని కావాలనే కాస్త వంకరగా బిగిస్తారు. ఫోర్‌మన్ కన్ను మూసి చూశాడు. పూజకు వంకర పనికిరాదంటూ తన చేత్తోనే దాన్ని తిన్నగా బిగించి, బొట్టు పెట్టాడు.

మర్నాడు మంజీర నీళ్లలో ఆ పడవ కుడికి గుంజింది. నడుపుతున్నది కంది ఊళ్లో పొలం ఉన్న పెద్దాయన, చాన్నాళ్లుగా మా డ్రైవరు.

"సారూ, స్టీరింగ్ ఇడిస్తే కుడికే పోతుంది. జెర ఇంజన్ కింద సూడుండ్రి," అని బతిమాలాడు.

ఫోర్‌మన్ ఇంజన్ వైపు చూడలేదు. కన్ను మూసి ఆయన్నే చూశాడు.

"పడవ సీదానే ఉంది. నీ చెయ్యే వంకర. రేపటి సంది రాకు."

పెద్దాయన చెప్పులు చేతబట్టుకుని గట్టెక్కి వెళ్లిపోయాడు. ఆయన కనుమరుగయ్యాక ఫోర్‌మన్ నన్ను పానా అడిగాడు. ఇంజన్ పైకెత్తించి, రెక్క వెనక కొసను మళ్లీ కాస్త కుడికి జరిపి బిగించి, తానే స్టీరింగ్ పట్టాడు. పడవ తిన్నగా పోయింది.

"సూసినవా? డ్రైవర్ను మార్చంగనే ఎంత సీదా పోతుందో!" అన్నాడు.

పానా అందించింది నేనే. "అవును సార్" అన్నదీ నేనే.