జానయ్య పేరున్న గోడ

మా ఊరి బడి గోడ మీద మా పెదనాయన పేరు రాశారు. చనిపోయిన మనిషికి గౌరవం చేశారనుకునేరు. "గంజాయి తాగితే క్యాన్సర్. మన జానయ్యే సాక్ష్యం" అని నీలం రంగుతో, మనిషెత్తు అక్షరాలతో రాశారు. కోస్గి బస్సు దిగిన ప్రతి ఒక్కరూ అది చదువుకుంటూనే ఊళ్లోకి వస్తారు. నేను ఇక్కడే అంగన్‌వాడీ టీచర్ని, రోజూ ఆ గోడ పక్క నుంచే పోవాలి. ఒళ్లు మండకుండా దాన్ని దాటిన రోజు ఒక్కటీ లేదు.

ఆ సాక్ష్యం ఇచ్చింది ఎవరో కూడా చెబుతాను. నేనే.

జానయ్య మా బాపు బుచ్చయ్యకు అన్న. మూడెకరాల కంది చేను, రెండెడ్లు, ఒక జత భజన తాళాలు, అంతే ఆయన ఆస్తి. భజనలో ఆయన గొంతెత్తితే మైకు అవసరం ఉండేది కాదు. వానలు మొహం చాటేసిన ఏడాది కూడా దున్నుకుంటూ పాడేవాడు. పిల్లల్లేరు కాబట్టి నన్నే భుజం మీద తిప్పాడు. ఇప్పటికీ నా దగ్గరికొచ్చే పిల్లలకు ఒకట్లు రెండ్లు నేర్పేది ఆయన కట్టిన బాణీలోనే.

గంజాయి తాగాడా? తాగాడు. నేనేమీ దాచను. ఏడాదికి రెండుసార్లు, శివరాత్రి జాగారానికీ, శ్రావణంలో సప్తాహం ముగిసిన రోజూ, భజన మండలి వాళ్లంతా చుట్టూ కూర్చుని మట్టి చిలుం ఒకరికొకరు అందించుకునేవాళ్లు. అందులో సగానికి పైగా పొగాకే ఉండేది. ఆ తర్వాత మా పెద్దమ్మ సోమమ్మ రెండు రోజులు ఆయనతో మాట్లాడేది కాదు. అంతటితో సరి.

ఇక బీడీలు. కళ్లు తెరిస్తే బీడీ, ఎడ్లకు గడ్డి వేసి బీడీ, అన్నం తిన్న చెయ్యి ఆరకముందే బీడీ. రోజుకు రెండు కట్టలు. కానీ మా దగ్గర దాన్ని ఎవరూ అలవాటు అనరు. చేనుకు కూలికొచ్చిన మగవాళ్లకు చాయ్‌తో పాటు బీడీలూ ఇవ్వాలి. పెళ్లిలో వక్కల పళ్లెంలో బీడీ కట్టలు లేకపోతే వియ్యాలవారు అలుగుతారు. అన్నం తినడం అలవాటా? నీళ్లు తాగడం అలవాటా? బీడీ కూడా అంతే.

రెండు వేల పంతొమ్మిదిలో ఆ గొంతు బొంగురుపోయింది. చలి అనుకున్నాం, దుమ్ము అనుకున్నాం. ఆరు నెలలకు గానీ పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోలేదు. అక్కడ డాక్టర్ కాగితం మీద నుంచి తలెత్తకుండా అడిగాడు.

"చెడు అలవాట్లు ఏమైనా ఉన్నాయా?"

పెదనాయన నా దిక్కు చూశాడు. నేను సిగ్గుతో తల వంచుకున్నాను.

"గంజాయి తాగుతడు సార్. ఎప్పుడన్న ఒకసారి."

"మందు?"

"లేదు సార్."

ఆయన రాసుకున్నాడు. బీడీ మాట నా నోటి దాకా కూడా రాలేదు. డిగ్రీ చదివిన దాన్ని నేను! పెదనాయన జేబులో కట్ట ఉబ్బెత్తుగా కనబడుతూనే ఉంది. సిగ్గుపడాల్సినదే చెప్పాలనుకున్నాను గానీ, చంపుతున్నది చెప్పాలని నాకు తోచలేదు. సాయం కోసం పెట్టిన దరఖాస్తుతో ఆ కాగితం సర్పంచ్ చేతికి పోయింది, సర్పంచ్ నోటి నుంచి ఊరికి పోయింది.

చివరి మూడు నెలలు పెదనాయనకు మాట లేదు. ఏం కావాలన్నా తాళాలు కొట్టి పిలిచేవాడు. ఆయన దినాల రోజు టెంటు కింద కూర్చున్న మగవాళ్ల మధ్య పళ్లెం తిరిగింది. వక్కలు, బీడీ కట్టలు. ఒక్కొక్కరే తీసి వెలిగించుకుని, పొగ వదులుతూ, "పాపం, గంజాయే మింగింది జానయ్యను" అన్నారు. ఆ పళ్లెం ఎత్తి అవతల పారెయ్యాలనిపించింది. ఆడపిల్లను, పైగా దినాలు. పళ్లు బిగబట్టుకుని వడ్డించుకుంటూ పోయాను.

తర్వాత మూడేండ్లకు మత్తు మీద అవగాహన సదస్సని ఒక అధికారి వచ్చాడు. సర్పంచ్ ఆయన చెవిలో పెదనాయన సంగతి చెప్పాడు, అధికారి మైకులో చెప్పాడు, వారం తిరిగేసరికి అది గోడెక్కింది. సదస్సులో నేను లేచి అడిగాను.

"గంజాయితోనే గొంతు క్యాన్సర్ వస్తదని ఎవలు తేల్చిండ్రు సార్? మా పెదనాయన రోజుకు రెండు కట్టల బీడీలు తాగిండు. గది ఎందుకు చెప్తలేరు?"

ఆయన నవ్వాడు. "అమ్మా, పిల్లలు భయపడాలె గదా. నువ్వేంది గంజాయి తరఫున వకాల్తా పట్టుకున్నవ్?"

అందరూ నవ్వారు. గంజాయి మంచిదని నేనెప్పుడన్నాను? దాంతో మతి చెడిన పిల్లలను చూశాను. ఆ చెడు ఉన్నదున్నట్టు చెబితే చాలదా? పిల్లలను భయపెట్టడానికి మా పెదనాయనే దొరికాడా?

నవ్విన వాళ్లలో మా బాపు కూడా ఉన్నాడు. పోయిన ఎండాకాలం ఆయన కూరలో కారం తగ్గించమన్నాడు. నోరు మంటంటాడు. ఒకనాడు నోరు తెరిపించి చూస్తే దవడ లోపల తెల్లటి మచ్చ, గోరంత.

"దవాఖానకు పోదాం నడువు బాపూ."

"ఎందుకు బిడ్డా? గోడ మీద రాసింది చూస్తలేవా? నేను గంజాయి జన్మల ముట్టలే. నాకు గా రోగం యాడికెళ్లొస్తది? ఫికర్ చెయ్యకు." అని బీడీ వెలిగించుకున్నాడు.

అప్పుడు నాకు వచ్చిన కోపం ఎవరి మీదో చెప్పలేను. ఆ అన్నదమ్ములిద్దరిలో ఒకరి మీద నింద వేసిన గోడ, రెండో ఆయనకు నీకేం కాదని అభయం ఇస్తోంది. ఆ గోడకు పునాది నా మాటే.

కోస్గి దవాఖానలో స్నిగ్ధ అని చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. ముందు నేనొక్కదాన్నే పోయి అడిగాను. ఆమె ఓపిగ్గా చెప్పింది.

"గంజాయితో గొంతు క్యాన్సర్ వస్తుందా అంటే ఇప్పటికీ గట్టిగా తేలలేదు అక్కా. రాదని కూడా నేను చెప్పను, పొగ ఏదైనా పొగే. తాగేవాళ్లు పొగాకు కలుపుతారు కాబట్టి విడదీసి చెప్పడం కష్టం. కానీ బీడీ సంగతి ఎప్పుడో తేలిపోయింది. దాంట్లో అనుమానమే లేదు. మీ నాన్నను రేపే తీసుకురండి."

బాపు రానన్నాడు. రెండు పూటలు నేను అన్నం ముట్టలేదు. "పెదనాయనను గొంతు పోయినంక తీస్కపోయిన. నిన్ను గట్ల తీస్కపోను" అని ఏడ్చాను. అప్పుడు చెప్పులేసుకున్నాడు.

డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. "ముదిరినట్టు లేదు. కానీ పరీక్షకు పట్నం పోవాలి, ఆలస్యం చెయ్యొద్దు" అంది. కాగితం తీసి వివరాలు రాయడం మొదలుపెట్టింది. పేరు, వయసు, ఊరు.

"అలవాట్లు ఏమైనా ఉన్నాయా?"

"ఏం లేవు మేడం" అన్నాడు బాపు ధీమాగా. "గంజాయి గిట్ల అసలే లేదు."

నేను ఆయన అంగీ జేబులో చెయ్యి పెట్టి కట్ట తీశాను. బల్ల మీద, ఆ కాగితం పక్కనే పెట్టాను.

"రోజుకు రెండు కట్టలు. నలభై ఏండ్ల సంది. రాయుండ్రి మేడం."

ఆమె రాసింది. పెదనాయన కాగితంలో నేను రాయించాల్సిన మాట అది.